డెమో క్లాసులో ఆగిన వీడియో

హాజరైనవి: గోడకు ఒక టీవీ, దాని వెనక అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, కుర్చీలు నలభై, తిరిగే ఫ్యాన్లు రెండు. హాజరైనవారు: విద్యార్థులు ముప్పై ఒక్కమంది, వారిలో నోట్‌బుక్కు తెచ్చుకున్నవారు ముప్పైమంది, తలుపు దగ్గర ఇన్‌స్టిట్యూట్ యజమాని, టీవీ పక్కన నేను.

అమీర్‌పేటలో మూడో అంతస్తు. అది నా మొదటి డెమో క్లాసు. అప్పటిదాకా ల్యాబులో కేబుళ్లు బిగించేవాణ్ని. సాయంత్రంలోగా పదిమంది చేరితే బ్యాచ్ నాది; చేరకపోతే మళ్లీ కేబుళ్లు. స్పష్టమైన షరతులంటే నాకు ఇష్టం.

డెమో క్లాసు ఉచితం. దాని పద్ధతి యజమాని ముందురోజే చెప్పారు.

"సూడు తమ్మీ, డెమోల ఊరించాలె, చెప్పొద్దు. ఎవడన్న ఎందుకని అడిగితే, కోర్సుల చెప్తమను."

నేను దాన్ని నోట్ కూడా చేసుకున్నాను.

ఊరించడానికి ఒక నిమిషం వీడియో ఉంది. పంజాగుట్టలో ఎడిటింగ్ చేసే యజమాని బామ్మర్ది తయారుచేశాడు. "మస్తు క్వాలిటీ బావా, ఇంతకంటె కొత్త ఫార్మాట్ లేదు" అన్నాడట. అది నిజమే. నా ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే బ్రహ్మాండంగా ఆడింది. చిన్న బోర్డు మీద వేసి చూడలేదు. మేం చెప్పబోయే కోర్సు చిన్న బోర్డుల గురించి.

క్లాసులో వీడియో మొదలైంది. తెర మీద రోబో చెయ్యి పైకెత్తి అక్కడే ఆగిపోయింది. వెనకనుంచి గొంతు మాత్రం ఆగకుండా "మెరుపు వేగంతో" అంది.

మూడో వరుసలోంచి నోట్‌బుక్కు లేని ఒకాయన లేచాడు. సనత్‌నగర్‌లో ఏదో వర్క్‌షాపు యూనిఫాం చొక్కా.

"అన్నా, మా షెడ్డుల టీవీ సుత గిట్లనే ఆగుతది. ఎందుకాగుతది?"

కోర్సులో చెప్తామనాలి. తలుపు దగ్గర యజమాని చూపు కూడా అదే అంటోంది. కానీ జవాబు తెలిసిన ప్రశ్నను వదిలెయ్యడం నాకు చేతకాదు.

చెప్పాను. వీడియో అంటే కుదించి మూటకట్టిన బొమ్మల వరుస. సెకనుకు ముప్పై బొమ్మలు విప్పి తెరకు పంపాలి. గ్రాఫిక్స్ చిప్‌లో కొన్ని ఫార్మాట్ల మూటలు విప్పడానికే చేసిన భాగం ఉంటుంది. తెలిసిన మూటైతే చల్లగా విప్పేస్తుంది. తెలియనిదైతే ఆ పని మెయిన్ ప్రాసెసర్ మీద పడుతుంది. అది వేడెక్కి, వెనకబడి, టైముకు అందని బొమ్మల్ని వదిలేస్తుంది.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆ వీడియోను బోర్డుకు తెలిసిన పాత ఫార్మాట్‌లోకి అందరి ముందే మార్చాను. వాడిన కమాండ్‌ను వైట్‌బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను. మళ్లీ వేస్తే రోబో చెయ్యి ఎత్తింది, దించింది కూడా. ఒక్కొక్కరే వచ్చి, వేడి తగ్గిందో లేదోనని చిప్‌ను వేలితో ముట్టి చూసి వెళ్లారు. చప్పట్లు కొట్టారు.

యజమాని నన్ను పక్కకు పిలిచారు.

"మస్తు చెప్పినవ్ తమ్మీ. పదిహేను రోజుల పాఠం ఒక్క గంటల ఖతం చేసినవ్."

సనత్‌నగర్ ఆయన వెళ్తూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"చేరుదామనే వచ్చిన అన్నా. ఇగ చేరుడెందుకు, నా పనైపాయె!"

వైట్‌బోర్డును ఫోన్లో ఫొటో తీసుకుని మెట్లు దిగాడు. అతని వెనక మిగతావాళ్లు ఫోన్లు తీసి వైట్‌బోర్డు ముందు వరుస కట్టారు.

సాయంత్రం ఆరింటికి రిజిస్టరు మూసేశాం. ఫొటో తీసుకున్నవారు ఇరవై ఆరుగురు. చేరినవారు ముగ్గురు.