పెరట్లో దమ్ము

మోకాళ్ళు మొరాయించడంతో దివిసీమలో పొలం కౌలుకిచ్చేసి గుడివాడ వచ్చాడు గానీ, పూర్ణచంద్రరావుకు పొద్దు గడవడమే లేదు. మాఘమాసం వెళ్ళిపోతుండగా భార్య సుగుణ, "కాస్త పెరడు తవ్వి పెట్టండి, బెండా బీరా వేసుకుందాం" అన్నదే తడవు, పంచె ఎగగట్టాడు. ఆవిడ గింజలు కొనడానికి బజారుకెళ్ళింది.

మట్టి తిరగేశాడు, పశువుల ఎరువు కలిపాడు. అంతవరకూ బాగానే ఉంది. తడి మట్టి వాసన ముక్కుకు తగిలిందో లేదో, మనిషికి పూనకమే వచ్చింది. చుట్టూ గట్టు వేశాడు. మోటారు వేసి నీళ్ళు నిలగట్టాడు. అందులో దిగి తొక్కిందే తొక్కాడు. ఆపైన పాత చెక్కనిచ్చెన లాగి నారుమడిలా నున్నగా చదును చేశాడు.

సుగుణ తిరిగొచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"బెండగింజలు వేద్దామంటే వరికి దమ్ము చేశారేంటండీ! ఈ బురదలో గింజ కుళ్ళిపోదూ?"

ఆయన మడి వంక చూశాడు, ఆవిడ చేతిలో పొట్లాల వంక చూశాడు, నాలుక కరుచుకున్నాడు.

"కాళ్ళు నా మాట వింటేనా సుగుణా!"

తిట్టబోయిన ఆవిడకు ఆ బురద మొహంలో నవ్వు కనిపించింది. గుడివాడ వచ్చాక అంత నవ్వు చూడలేదు. గబగబా పక్కింటికెళ్ళి చేమ పిలకలు అడిగి తెచ్చింది. చేమకు ఎంత తడైనా పరవాలేదు.

ఆయన పిలకలందుకుని నాట్లకు వంగినట్టే వంగాడు.

"మోకాళ్ళు జాగ్రత్తండీ!"

"ఏ మోకాళ్ళు?" అన్నాడాయన, తలెత్తకుండానే.