మంచి నీళ్లే అన్నాను

మొన్న మా వైజాగ్ ఫ్లాట్‌లో వాటర్ ఫిల్టర్ బాగుచేయడానికి వచ్చినతను గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి, "మంచినీళ్లేనండీ, తాగొచ్చు" అన్నాడు. నేను తాగలేదు. ఎలా తెలుసు, ఏం పరీక్ష చేశావని అడిగి అడిగి అతని ప్రాణం తీశాను. "నీళ్ల డాక్టరమ్మ, అంత తేలిగ్గా వదలదు" అని మావారు నవ్వారు. నాకు మాత్రం మంచినీళ్లనే మాట వింటే ఇప్పటికీ నమ్మకం కుదరదు.

పదేళ్ల కిందట అబుదాబిలో పర్యావరణ ఆఫీసరుగా పనిచేసేదాన్ని. పేరు ఘనంగానే ఉండేది, పని మాత్రం సీసాలు పట్టుకుని నీళ్ల వెంట తిరగడం. తీరానికి దూరంగా ఒక దీవిలో మా కంపెనీ చెట్లు పెంచేది. మురుగునీటిని శుద్ధి చేసి, ట్యాంకుకి ఎక్కించి మొక్కలకు పోసేవారు. ఆ నీళ్లు కాస్త ఉప్పెక్కినా వారంలో మొక్కలు మాడిపోయేవి, కాబట్టి నా ధ్యాసంతా ఉప్పు మీదే. అక్కడ తొమ్మిదిమంది పనివాళ్లు ఉండేవారు. వాళ్ల ఫోర్మన్‌ది జగిత్యాల వైపు. నేను అన్నా అనేదాన్ని, ఆయన మేడం అనేవాడు. నా కాకినాడ తెలుగుని అనుకరించి నవ్వించేవాడు, అన్నం తినకుండా బోటెక్కనిచ్చేవాడు కాదు. వాళ్లు తాగే నీళ్లు ఆ బోటులోనే క్యాన్లలో వచ్చేవి.

ఒకసారి గాలిదుమారం లేచి బోట్లు ఆగిపోయాయి. అదే రోజు ట్యాంకు నీళ్ల రిపోర్టు వచ్చింది. ఉప్పు బాగా తక్కువ. క్రిముల పరీక్ష ఇంకా రాలేదు గానీ నాకంత పట్టలేదు, మొక్కలకేగా అనుకున్నాను. సంబరంలో ఉండగా ఆయన ఫోను.

"మేడం, ట్యాంకు నీళ్లు ఎట్లున్నయ్?"

"మంచి నీళ్లే అన్నా, నిశ్చింతగా వాడుకోండి."

రాస్తే మంచికీ నీళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఫోనులో ఎవరికి వినపడుతుంది? క్యాన్లు అయిపోయాయని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోను. "బోటు రాకున్నా ఫికర్ లేదు మేడం. మీరు చెప్పినంక ఆ నీళ్లే తాగుతున్నం, అన్నం గూడ గవ్విటితోనే వండినం."

"ఖలాస్ అన్నా, ఆపెయ్యండి, చుక్క ముట్టొద్దు! మొక్కలకనుకుని చెప్పాను!" అని అరిచాను.

"మంచినీళ్లన్నరు గద మేడం" అన్నాడు, కోపంగా కాదు, అర్థంకాక.

ఆ రోజంతా గంటగంటకీ ఫోను చేశాను. సాయంత్రానికి ఇద్దరు వాంతులతో పడుకున్నారు. గాలి తగ్గదు, బోటు కదలదు. తొమ్మిది ఇళ్లవాళ్లూ వచ్చి నా గుమ్మంలో కూర్చున్నట్టే ఉండేది. మర్నాడు గాలి తగ్గాక మొదటి బోటులోనే డాక్టర్ని తీసుకుని వెళ్లాను. ఇద్దరికీ సెలైన్ పెట్టారు, వారంలో కోలుకున్నారు. మిగతావాళ్లకి ఏమీ కాలేదు.

తర్వాత మా ముదీర్, అంటే మేనేజరు, ఆ నీళ్లు తాగమన్నదెవరని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఫోర్మనన్న, "మేడంకా గల్తీ నహీ సాబ్, మైనే గలత్ సునా" అని, తనే తప్పుగా విన్నానని ఒప్పేసుకున్నాడు. ఆనక నాతో మెల్లగా, "మీ నౌకరి పోతే కష్టం మేడం. నాకు పార ఉన్నది" అన్నాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. కాగితంలో ఫోర్మన్ అజాగ్రత్త అని రాశారు, కింద సాక్షిగా నేను సంతకం పెట్టాను. ఆయన ఫోర్మన్‌గిరీ పోయి, ఆ మొక్కల మధ్యే మళ్లీ పార పట్టాడు. ఆ తర్వాత నేను ఆ దీవికి వెళ్లినప్పుడల్లా అన్నం మాత్రం పెట్టేవాడు.

ఆ రెండు రోజుల భయం డాక్టరు ఫర్వాలేదని తలాడించగానే పోయింది. సంతకం పెట్టిన సిగ్గుకి మాత్రం ఇన్నేళ్లయినా కాలం చెల్లలేదు.