టేపుతో కొలిచిన ఎడం

2009 వర్షాకాలంలో నన్ను రాయపూర్‌లోని ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగానికి ఇన్‌ఛార్జిగా వేశారు. విభాగమంటే రెండు బల్లలు, ఒక వేడి కాపడం యంత్రం, నేను. డాక్టరమ్మ పంపే గర్భిణులందరికీ నేను సొంతంగా తయారుచేసిన వ్యాయామాల కాగితం ఒకటి ఇచ్చేదాన్ని. దానిమీద నాకు కొంత గర్వం కూడా ఉండేది.

ఆ కాగితం తీసుకువెళ్లిన సత్యవతి పది రోజులకు మళ్లీ వచ్చింది. ఏడో నెల. భర్త ఊరవతల ఉర్లా పారిశ్రామికవాడలో వెల్డరు, సొంతూరు శ్రీకాకుళం వైపు. గజ్జల్లో నొప్పి తగ్గకపోగా పెరిగింది. పొత్తికడుపు కింద, కటి ఎముకలు రెండూ ముందువైపు కలిసేచోట, ఎవరో చీలుస్తున్నట్టు ఉందట. వారంలో నడక మెరుగుపడకపోతే కాన్పు దాకా మంచం దిగవద్దని డాక్టరమ్మ హెచ్చరించారు. "ఇంక నడవలేనేమో మేడమ్," అని ఏడ్చింది.

వెంట వచ్చిన అత్తగారు అప్పలనరసమ్మ ఊరుకోలేదు. "ఏటమ్మా ఈ సుకుమారం! మేం నిండు నెలల్తో కూకొని ఇల్లంతా తడిగుడ్డతో పోఛా ఎట్టీవోలం. కాన్పు సులువవుద్దని దీని సేత కూడా రోజూ ఎట్టిస్తన్నాను."

నాకు కోపం రావలసింది గానీ, కుతూహలం కలిగింది. సత్యవతి వసారాలో చిన్న చిన్న అడుగులతో బాగానే నడిచి వచ్చింది. బల్ల ఎక్కడానికి మెట్టు మీద ఒక కాలు పెట్టగానే కేక వేసింది. అప్పటిదాకా అందరం నొప్పి ఎంత ఉందనే అడిగాం. ఎప్పుడెప్పుడు వస్తుందని అడిగితే వరసగా చెప్పింది: నిలబడి లంగా తొడుక్కునేటప్పుడు, పక్క మీద అటు తిరిగేటప్పుడు, స్కూటర్ దిగేటప్పుడు. అన్నింటిలోనూ బరువు ఒక కాలిమీదే పడుతోంది, లేదా కాళ్లు ఎడమవుతున్నాయి. గొంతుకూర్చుని నేల తుడవడమూ అంతే.

నా కాగితం తీసి చూశాను. మూడో వ్యాయామం: అరికాళ్లు కలిపి కూర్చుని, మోకాళ్లు రెండు పక్కలకీ నేల వైపు వంచాలి. సత్యవతి బుద్ధిమంతురాలు. అత్తగారు చెప్పిందీ చేసింది, నేను చెప్పిందీ చేసింది. నాకు సిగ్గేసింది. తప్పు నాదీ ఉందని ఇద్దరి ముందూ ఒప్పుకున్నాను. అప్పలనరసమ్మ మొహం కాస్త మెత్తబడింది, తోడు దొరికినందుకేమో.

వ్యాయామమూ, పోఛా రెండూ మాన్పించాను. నడుముకు పట్టీ కట్టి, బట్టలు కూర్చుని వేసుకోమన్నాను. పక్క తిరిగేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని రెండు కాళ్లూ కలిపే తిప్పమన్నాను. నొప్పి రాకుండా మోకాళ్ల మధ్య ఎంత ఎడం వస్తుందో టేపుతో కొలిచి కేసు షీటులో రాశాను. కాన్పు గదిలో అంతకు మించి కాళ్లు ఎడం చేయకుండా జాగ్రత్తపడడానికి ఆ కొలత.

నొప్పి పూర్తిగా పోలేదు. అయినా వారం తిరిగేసరికి వీధి చివరి దాకా నడిచింది, మంచం పట్టలేదు. నెలలు నిండాక, కాన్పు బల్ల మీద పక్కకు తిరిగి పడుకున్న భంగిమలోనే, ఆడపిల్లను కన్నది.

తరవాత రెండు నెలలకు అప్పలనరసమ్మ మోకాలు పట్టుకుని ఒక్కతే వచ్చింది. "కోడలు మానీసిన కాడి నుంచి పోఛా నానే ఎడతన్నాను," అంది. మోకాలి నొప్పుల కాగితం ఇవ్వడానికి చెయ్యి సొరుగు దాకా వెళ్లింది. వెనక్కి తీసుకుని, రోజూ ఎలా తుడుస్తున్నారో ముందు చేసి చూపించమన్నాను. రిటైరయ్యేదాకా, మనిషి కదలిక చూడకుండా ఇంకెవరి చేతికీ కాగితం ఇవ్వలేదు.