ప్రాణహితకు పంటును లాక్కెళ్ళిన మూడు రోజులు

ప్రాణహిత రేవుకు పంటు చేరవేయాలని ఉత్తర్వు వచ్చేనాటికి, కరీంనగర్‌లో మా ఆఫీసు గదిలో కూర్చునే ఆరుగురిలో పంటును కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడు. పెళ్ళికానివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పని నా మీద పడింది. చెన్నూరు అవతల ఆ రేవులో క్రిందటి వానాకాలం నాటుపడవ తిరగబడి ఏడుగురు పోయారు. మళ్ళీ వానలు ముదిరేలోగా పంటు అక్కడ ఉండాలి. అప్పటికే మృగశిర వచ్చేసింది.

పంటు అంటే రెండు పొడవాటి ఇనుప తొట్లు, వాటి మీద బిగించిన చెక్కల బల్ల. హైదరాబాదు వైపు ఏదో వర్క్‌షాపులో చేసి, వెండిరంగు పూసి, రెండు చక్రాల బండి మీద ఎక్కించి మా ఆవరణలో వదిలి వెళ్ళారు. దాని మీద ఖాకీ టార్పాలిన్, అంచుల వెంట ఇత్తడి రింగులు, రింగుల్లోంచి తాళ్ళు. వెంట వచ్చిన కాగితాలు రెండు. లాగేటప్పుడు టార్పాలిన్ కప్పి ఉంచాలని ఒకదానిలో ఉంది. లాగే ముందు టార్పాలిన్ తీసేయాలని రెండోదానిలో ఉంది. రెండూ పెద్దసారు ముందు పెట్టాను. ఆయన రెండూ చదివి, రెండిటి మీదా పొట్టి సంతకం పెట్టి, "రెండూ జాగ్రత్తగా పాటించు" అన్నారు.

సోమవారం ఉదయం ఆరుంబావుకు బండిని జీపు వెనక తగిలించుకుని బయలుదేరాం. జీపు నడిపేది యాకూబ్ భాయ్, మా ఆఫీసులో అందరికంటే పాత మనిషి. వెనక సీట్లో రాజలింగం. ప్రాణహిత రేవులో పడవ నడిపేవాడు. పంటును తీసుకుపోవడానికి రెండు రోజుల ముందే వచ్చి మా వరండాలో పడుకున్నాడు. యాభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. టార్పాలిన్ కప్పే బయలుదేరాం. కప్పి ఉన్నదాన్ని కప్పే ఉంచడం తేలికనిపించింది, అంతే.

గంగాధర ఊరు దాటేదాకా బాగానే ఉంది. అక్కణ్ణించి ఎదురుగాలి. టార్పాలిన్ కిందికి గాలి దూరి బుడగలా ఉబ్బింది. బండి ఎడమకూ కుడికీ ఊగి జీపును పక్కకు లాగడం మొదలుపెట్టింది. ఎదురుగా ఎడ్లబండ్ల వరుస. యాకూబ్ భాయ్ జీపును ఆపేసరికి బండి చక్రం ఒకటి కాలవ అంచున ఉంది.

"తాడిపత్రి తీసేద్దాం సారు," అన్నాడు రాజలింగం, టార్పాలిన్ అంచు పట్టుకుని. "కండ్లకు కనవడని పడవ వెంబడి వస్తుంటె నాకు మంచిగనిపిస్తలే."

"తీస్తె దుమ్ము మొత్తం దాని మీదనే," అన్నాడు యాకూబ్ భాయ్. "గీ చమక్ చూసి ఊరూరు పోరగాండ్లు ఎక్కుతరు. ఉండనీయుండ్రి సాబ్, ఇంకో తాడు కడ్త."

ఇద్దరూ నా వంక చూశారు. జేబులో రెండు కాగితాలున్నాయి. ఇంకో తాడు కట్టమన్నాను.

జగిత్యాల చేరేసరికి పదీ పది. బస్టాండు పక్క హోటల్లో ఉప్మా, చాయ్. మేం తినేలోగా బండి చుట్టూ జనం చేరారు. కింద ఉన్నది టూరింగు టాకీసు సామానని ఒకాయన, బోరు మిషనని ఇంకొకాయన పందెం వేసుకుంటున్నారు. పంటు అని చెప్తే ఇద్దరూ నమ్మలేదు. ఒక లారీ డ్రైవరు మాత్రం చుట్టూ తిరిగి చూసి, "తాడిపత్రి వదులున్నదన్నా. అది కొట్టుకుంట ఉంటె కింద రంగు మొత్తం లేస్తది. బిగ్గ కట్టు, లేకుంటె తీసెయ్యి," అన్నాడు. బిగించడానికి తాడు మిగల్లేదు. తీయించాను.

తీశాక చూస్తే అతని మాట నిజమైంది. ఎడమ తొట్టి వారన ఇత్తడి రింగులు ముప్పై మైళ్ళు కొట్టుకుని రంగు జానెడు మేర లేచిపోయింది. కొత్త పంటు, నా అజమాయిషీ. రాజలింగం దగ్గరికొచ్చి గోటితో గీకాడు. రంగు కింద తెల్లగా పొడి రాలింది.

"ఇది లోహం గాదు సారు. లప్పం," అన్నాడు.

గోడల పగుళ్ళలో పెట్టే లప్పమే. ఇనుప రేకుల అతుకు వెంట నింపి, పైన వెండిరంగు వేశారు. రింగులు కొట్టుకోవడం వల్ల అతుకు పగిలిందా, పగిలిన అతుకునే లప్పంతో మూశారా, నాకు అర్థం కాలేదు. దారంతా అదే ఆలోచన. ధర్మపురిలో పన్నెండున్నరకు భోజనం చేశాం. వంకాయ కూర బాగుందని యాకూబ్ భాయ్ రెండుసార్లు అన్నాడు, నాకు రుచి తెలియలేదు.

రాయపట్నం దగ్గర గోదావరి చేరేసరికి ఒంటిగంట దాటింది. నీరు ఇంకా సన్నగానే ఉంది. ఇసుక మీద తుంగ, కంప పరిచి బండ్ల దారి వేశారు. జీపు దాని మీదుగా పోతుంది. రాజలింగం దిగి ఒడ్డు పక్క మడుగు కేసి చూపించాడు.

"గిండ్ల దించి చూద్దాం సారు."

"రేవు చేరకముందు నీళ్ళల్ల దించద్దని కాగితంల రాసి ఉన్నదన్నా," అన్నాను.

రాజలింగం నీళ్ళవంక చూస్తూ చెప్పాడు: "పోయినేడు మునిగిన పడవ నేనే నడిపిన. గది మంచిగున్నదా అని అడిగిండ్రు. మంచిగనే ఉన్నదన్న. అడుగు పలక మెత్తగైందని నాకెర్కనే. ఒక్క కాలం ఎల్లిపోతదనుకున్న. నా తమ్ముడు గుడ అండ్లనే ఉండె."

దించమన్నాను. ఇసుకలో పని చేస్తున్న నలుగురు వచ్చి చెయ్యి వేశారు. పంటు నీళ్ళలో అందంగా తేలింది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు ఎడమ మూల రెండంగుళాలు దిగింది. ముప్పావుగంటకు బల్ల చెక్కలు నీళ్ళను తాకాయి. మనిషి ఒక్కడు కూడా ఎక్కలేదు.

పైకి లాగి నీళ్ళు కార్చాక యాకూబ్ భాయ్ నన్ను పక్కకు పిలిచాడు. "నా మాట ఇనుండ్రి సాబ్. తాడిపత్రి కప్పుదాం. రేవుల ఒప్పజెప్పి దస్కత్ తీస్కొని ఎల్లిపోదాం. మనం చేసింది కాదు, మనకెందుకు ఫికర్." చెడ్డవాడు కాదు, పిల్లలు నలుగురు, ఇంకో ఏడాదిలో పింఛను. ఆయన చెప్పింది తప్పని నాకు వెంటనే తోచలేదు కూడా. టార్పాలిన్ కప్పాం. ఇంతకుముందు వదులుగా ఉందని తీశాం, ఇప్పుడెందుకు కప్పామో నాకే తెలియదు.

ఆ రాత్రి లక్సెట్టిపేట ముసాఫిర్ బంగళాలో బస. మంచాలు శుభ్రం, దోమలు ఎక్కువ. ఇటు వచ్చేవారు దోమతెర తెచ్చుకోవడం మంచిది. పొద్దున లేచేసరికి రాజలింగం బండి పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు. జీపు ఎక్కి, చెన్నూరు రోడ్డు కాకుండా మందమర్రి వైపు పొమ్మన్నాను. యాకూబ్ భాయ్ అటే పోనిచ్చాడు.

మందమర్రిలో గని కార్మికుల కాలనీ దగ్గర, శ్రీకాకుళం నుంచి వచ్చిన అప్పారావు అనే ఫిట్టరుకు చిన్న వెల్డింగు షెడ్డు ఉంది. డ్యూటీ దిగి రెండున్నరకు వచ్చాడు. లప్పం అంతా చెక్కేసి, వేలు లోపలికి పెట్టి బయటికి తీసి చూపించాడు. వేలు ఎర్రగా ఉంది.

"ఇది నిన్నా మొన్నా పగిలింది కాదండీ. లోపల తుప్పు చూడండి. పాత తొట్టికి కొత్త రంగేశారు."

అది వినగానే నాకు ఊపిరి వచ్చింది. మరుక్షణం పోయింది. నా తప్పు కాకపోతే ఎవరి తప్పని రాయాలి? సాయంత్రం ఆరు దాకా వెల్డింగు చేశాడు. కాలనీ నీళ్ళతొట్టి దగ్గర పంటు తొట్టి నిండా నీళ్ళు నింపి చూశాం. చుక్క కారలేదు. వెండిరంగు మధ్య నల్లటి మచ్చ మూరెడు పొడవున మిగిలింది.

బుధవారం పదకొండింటికి రేవు చేరాం. ఒడ్డున యాభై మంది దాకా ఉన్నారు. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. అక్కడా జనం కనిపిస్తున్నారు. ఎగువన మబ్బు కమ్మింది, నీళ్ళ రంగు మారింది. పంటును ఒప్పగించుకోవలసిన ఓవర్సీరు టార్పాలిన్ విప్పించి, నల్ల మచ్చ దగ్గర ఆగిపోయాడు. జరిగింది చెప్పాను. ఆయన తాపీగా విన్నాడు.

"వర్క్‌షాపు నుంచే ఇలా వచ్చిందని మీరు రాస్తే విచారణ జరగాలి. తేలేదాకా దీన్ని కప్పి ఒడ్డునే ఉంచాలి. దారిలో టార్పాలిన్ సరిగా కట్టక దెబ్బతింది, బాగుచేయించాం అని రాస్తే ఇవాళే నీళ్ళలోకి దించుకోవచ్చు. మీ ఇష్టం."

"విచారణకు ఎన్ని రోజులు?"

"ఈ వానాకాలం పోతుంది."

రాజలింగం వైపు తిరిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "సంతకం మీది సారు. నేను చెప్పద్దు."

జీపు బానెట్టు మీద కాగితం పెట్టి, టార్పాలిన్ సరిగా కట్టకపోవడం నా అజాగ్రత్త అని రాసి సంతకం చేశాను. రాసింది అబద్ధమో నిజమో అప్పటికి నాకు తేలలేదు. నిజంగానే సరిగా కట్టలేదు కదా.

పంటును దించారు. రాజలింగం మొదటిసారి మనుషులను ఎక్కించలేదు. ఇరవై ఇసుక బస్తాలు వేసుకుని ఒక్కడే అవతలికి పోయి వచ్చాడు. వచ్చాక ఎడమ తొట్టి మూత తీసి, లోపలికి చెయ్యి పెట్టి, పొడిగా ఉన్న అరచెయ్యి అందరికీ చూపించాడు. అయినా ఎవరూ కదల్లేదు. అప్పుడు ఒక నడివయసు ఆడమనిషి గంప ఎత్తుకుని వచ్చి, చెక్కల మీద గంప దించి, పక్కన కూర్చుంది. రాజలింగం భార్య అని పక్కవాళ్ళు చెప్పారు. తరువాత ఒకరి వెనక ఒకరు ఎక్కారు.

నా కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ ఓవర్సీరు అన్నాడు: "ఒకే వర్క్‌షాపు నుంచి మూడు వచ్చాయి. మిగతా రెండూ గోదావరి రేవుల్లో పోయిన వారమే దిగాయి. వాటికి ఒక్క మచ్చ లేదట."

ఆ రేవుల పేర్లు అడిగి రాసుకున్నాను. ఎందుకు రాసుకుంటున్నానో ఆ నిమిషాన నాకు తెలియదు.

రేవు పనికి జీపు రెండు రోజులు అక్కడే ఉండాలి కాబట్టి నేను చెన్నూరులో బస్సెక్కి, ఆ సాయంత్రం మంచిర్యాల చేరి, సత్రంలో ఉండి, మర్నాడు పదకొండు గంటల ప్యాసింజరు ఎక్కాను. మూడో తరగతిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుటి సీట్లో జమ్మికుంట పత్తి మార్కెట్టులో పనున్న ఒక పెద్దమనిషి, జొన్నరొట్టె సగం తుంచి నాకిచ్చి, "పరేషాన్ కనవడుతున్నరు, ఏమైంది?" అని అడిగాడు. ఊరూ పేరూ తెలియని మనిషి కాబట్టి అంతా చెప్పేశాను. రొట్టె నములుతూ విన్నాడు.

"మీరు జేసింది మంచిగనే ఉన్నది. మరి గా రెండిట్ల ఎక్కెటోళ్ళకు ఎర్కేనా?"

రొట్టె పక్కన పెట్టాను. నేను రాసిచ్చిన కాగితం ప్రకారం వర్క్‌షాపు పని మేలు, తప్పంతా టార్పాలిన్‌ది. ఇక ఆ రెండు పంట్లను ఎవరూ గీకి చూడరు. ఒక రేవు వాళ్ళ కోసం పెట్టిన సంతకం ఇంకో రెండు రేవుల వాళ్ళ కళ్ళు కప్పుతుందని రేవులో నాకు తట్టలేదు.

జమ్మికుంటలో రెండు గంటల ప్రాంతంలో దిగి, కరీంనగర్ బస్సును వదిలేసి పోస్టాఫీసుకు నడిచాను. రెండు కార్డులు కొన్నాను. "పడవ నడుపువారికి" అని రాసి, రేవుల పేర్లు వేశాను. ఎడమ తొట్టి అతుకు వెంట రంగు గీకి చూడండి, తెల్లగా పొడి రాలితే మనుషులను ఎక్కించకండి అని రాశాను. కింద పేరు పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి పావుగంట పట్టింది. పేరు పెడితే రేవులో నేను రాసిందానికి నేనే ఎదురు సాక్ష్యం. పెట్టకపోతే ఆకాశరామన్న ఉత్తరమని చింపేస్తారు. పేరు, ఉద్యోగం, ఆఫీసు, అన్నీ రాసి డబ్బాలో వేశాను.

నాలుగు గంటల బస్సు దొరికింది. మానేరు దాటుతుంటే పెద్ద వాన. బస్సు పైన సామాన్ల మీద కప్పిన టార్పాలిన్ చప్పుడు చేస్తూనే ఉంది. ఇంత దూరం పోయి వచ్చిన మనిషి ఏదో ఒకటి తెలుసుకుని రావాలంటారు. పంటును లాగేటప్పుడు కప్పాలా తీయాలా అని ఎవరైనా అడిగితే నేను ఈనాటికీ చెప్పలేను. కప్పినా తీసినా మధ్యమధ్య బండి ఆపి, కింద చెయ్యి పెట్టి చూడమని మాత్రం చెప్తాను.

ఆ ఏడు నా జీతం పెరుగుదల ఆపారు. ఒక రేవు నుంచి నెల తిరక్కుండానే జవాబు వచ్చింది: "గీకినం. తెల్లగ రాలింది. ఒడ్డుకు గుంజినం." రెండో రేవు నుంచి ఏమీ రాలేదు. శ్రావణంలో సెలవు పెట్టి నేనే పోయాను. పంటు ఒడ్డున బోర్లా పడి ఉంది, ఎడమ తొట్టి మీద రంగు లేదు. నా కార్డు ఎక్కడని అడిగితే, చదివేవాళ్ళు లేక ఊరంతా తిరిగి చివరికి బడిపంతులుకు చేరిందని, ఆయన చదివిన రోజే పంటును లాగేశారని చెప్పారు. జవాబు రాయాలని ఎవరికీ తోచలేదట.