రేకుల గదిలో ఈరమ్మ మేడం వంతు

మా ఈరమ్మ మేడం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. ముందే చెబుతున్నాను, ఆమె విషయంలో నేను అటూ ఇటూ కాని మనిషిని కాను, పూర్తిగా ఆమె పక్షమే. ఆమె మా హైస్కూలు హెడ్మాస్టరు. మామిడిపల్లి దాటాక, విమానాలు దిగే దారికి సరిగ్గా కింద ఉంటుంది మా బడి. అక్కడ నేను తెలుగు చెబుతాను. పద్యం ఎత్తుకున్నానంటే చాలు, నెత్తిమీద ఒక విమానం ప్రత్యక్షమవుతుంది. దేవుడిచ్చిన గొంతు పెద్దది కాబట్టి నెట్టుకొస్తున్నాను.

మేడంది జల్‌పల్లి. తండ్రి ఐలయ్యకు కొంచెం పొలం ఉండేది. తల్లి పోచమ్మ తమ పని అయిపోగానే వేరేవాళ్ల నాట్లకు కూలికి పోయేది. సెలవుల్లో కూతురూ ఆ ఆడవాళ్ల వరసలో నిలబడి నాట్లు వేసింది. టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాది కూడా వేసిందట. ఈ సంగతి ఆమె దాచుకోదు సరికదా, గొప్పగా చెప్పుకుంటుంది. చెప్పుకోవాలి కూడా.

మా బడిలో ఒక ఆనవాయితీ ఉండేది. టైంటేబుల్ వేసేటప్పుడు సీనియర్లు ముందు తమకు నచ్చిన పీరియడ్లు ఎంచుకుంటారు. మిగిలినవి కొత్తగా వచ్చినవాళ్లకు. పదో తరగతి రేకుల గదిలో ఉంటుంది. పొద్దున అది బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి పొయ్యి మీద పెట్టిన పెనం. అన్నాలు తిని వచ్చిన పిల్లలు, పైన కాలుతున్న రేకులు, వాటి మీద విమానాల చప్పుడు. ఆ పీరియడు ఎవరికీ అక్కర్లేదు. అందుకే అది కొత్తగా వచ్చిన రేఖకు పడింది.

రేఖ లెక్కల టీచరు. రాజేంద్రనగర్‌లో కిరాయికి ఉంటూ రెండు బస్సులు మారి వచ్చేది. ఆగస్టు పరీక్షల్లో పదో తరగతి పిల్లలు లెక్కల్లో బోల్తా పడ్డారు. తనిఖీకి వచ్చిన అధికారి మా అందరి ముందే రేఖను నిలబెట్టి, "చెప్పడం చేతకాకపోతే చెప్పేవాళ్లను తెచ్చుకుంటాం. అర్ధసంవత్సర పరీక్షల దాకా చూస్తాను. తర్వాత మీరు ఇంకో బడి చూసుకోవాల్సిందే" అన్నాడు. ఆయన జీపు గేటు దాటేదాకా నేను పళ్లు నూరుతూనే ఉన్నాను.

సాయంత్రం రేఖ వచ్చి ఈరమ్మ మేడం ముందు ఏడ్చింది.

"నేనే బదిలీ అడుక్కుంట మేడం. నాకు చెప్పుడు రాదేమో. ఎంత మొత్తుకున్నా పిల్లలకు ఎక్కుతలేదు."

"జర ఆగు బిడ్డా. రేపు నీ క్లాసుల కూసుంట. చూసినంక మాట్లాడుకుందాం" అంది మేడం.

మర్నాడు ఆమె చివరి బెంచీలో పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చుంది. రేఖ ఒక లెక్క మొదలుపెట్టింది. సగంలో విమానం. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్లీ విమానం. మేడం పక్కనున్న పిల్ల బల్ల మీద తలవాల్చి నిద్రపోయింది. చాలాసేపటి వరకు మేడం ఆ పిల్లను లేపలేదు, తనకే కళ్లు మూతలు పడుతున్నాయట. గదిలోంచి బయటికి వచ్చేసరికి జాకెట్టు వీపుకు అతుక్కుపోయి ఉంది.

ఆ సాయంత్రమే స్టాఫ్ మీటింగ్ పెట్టింది.

"మా అమ్మోళ్లు నాట్లేసేటప్పుడు లోతు బురద దిక్కు ఒక్కరినే పొద్దుందాక నిలబెట్టకపోయేది. వంతులు మార్చుకునేటోళ్లు. కొత్త కోడలని ఒక్కదాన్నే ఆడ పెడితే నాటు వంకర పోతది, మళ్ల ఆమెనే తిడ్తరు. మనం గట్లనే చేస్తున్నం. ఇగ నుంచి రేకుల గదిల మధ్యాహ్నం పీరియడు వంతుల మీద నడుస్తది. పదిహేను రోజులకొకరు" అంది.

సోషల్ చెప్పే రాఘవేందర్ గారు లేచారు. మా టీచర్లందరిలోకీ సీనియర్. "అంటే ఇన్నేండ్ల సర్వీసుకు విలువ లేదా మేడం?"

"ఉన్నది కాబట్టే పెద్దోళ్ల నుంచి మొదలుపెడుతున్న. ఈ బడిల పెద్దదాన్ని నేను. మొదటి వంతు నాది."

పొద్దుటి పీరియడులో తాను చెప్పే సైన్సును మధ్యాహ్నానికి మార్చుకుని, ఆ పొద్దుటి వేళ రేఖకు ఇచ్చింది. హెడ్మాస్టరై ఉండి ఆ గదిలోకి వెళ్లిన మనిషిని నేను ఆమెనే చూశాను. విమానం వచ్చినప్పుడల్లా పాఠం ఆపి, అందరూ నీళ్లు తాగాలని నియమం పెట్టింది. తానూ సీసా ఎత్తి తాగేది. పిల్లలకు అదో సంబరం. వారం తిరక్కుండానే ఆమె గొంతు బొంగురుపోయింది, అయినా మానలేదు. రాఘవేందర్ గారు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఆ గొంతు విన్నారు. తన వంతు వచ్చేసరికి ఎవరూ పిలవకముందే, పెద్ద నీళ్ల సీసాతో తయారయ్యారు. ఆయన తర్వాత నేను. అదెంత కష్టమో నన్నడగండి చెబుతాను. వంతులు తిరిగి చివరికి రేఖ దగ్గరికి వచ్చాయి, పరీక్షల పని అయ్యేదాకా ఆమెకు వద్దని మేడమే మళ్లీ నిలబడింది.

అర్ధసంవత్సర పరీక్షలు అయ్యాయి. పిల్లలు చాలామంది లెక్కల్లో గట్టెక్కారు, కొందరికి మంచి మార్కులే వచ్చాయి. అధికారి మళ్లీ వచ్చాడు, అదీ మిట్టమధ్యాహ్నం. మేడం రేకుల గదిలో పాఠం చెబుతోంది. ఆయన నేరుగా అక్కడికే నడిచాడు, మేము రేఖను తీసుకుని వెనకే వెళ్లాం.

"హెడ్మాస్టరు మీరు, ఈ గదిలో మీరెందుకున్నారు?" అన్నాడు ఆయన.

"నా వంతు సార్" అని కుర్చీ చూపించింది.

ఆయన కూర్చున్నాడు, మార్కులు చూశాడు, జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "బాగా మెరుగుపడ్డారు. మొత్తానికి టీచరు దారిలో పడింది" అన్నాడు.

"టీచరు గామెనే సార్. అప్పుడు గూడ మంచి టీచరే. మేమే ఆమెను ఈడ పడేసినం" అంది మేడం.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఉద్యోగం గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆయన మొహం కాస్త చిన్నదైంది. అయినా నిజం ఒప్పుకునే గుణం ఉన్నట్టుంది, రేఖ వైపు తిరిగి మెత్తగా అన్నాడు: "ఆరోజు తొందరపడ్డానమ్మా. రాజేంద్రనగర్ వైపు ఒక ఖాళీ ఉంది. మీ ఇంటికి దగ్గర. కావాలంటే వేయిస్తాను."

మేడమే ముందుగా అందుకుంది. "పో బిడ్డా. రెండు బస్సుల బాధ తప్పుతది. నువ్వు యాడున్నా మంచిగ చెప్తవు" అంది. ఆ చివరి మాట అని, విమానమేమీ రాకపోయినా నీళ్ల సీసా ఎత్తి తాగింది.

రేఖ చెంగుతో నుదురు తుడుచుకుంది.

"సోమవారం నుంచి ఈ గదిల వంతు నాది సార్. నేను పోతే మేడమే మళ్ల నిలబడ్తది" అంది. "నేను పోను."