దొరకు స్నానం పోసిన ఒటీలియా

"పదకొండు రోజులైంది. మా పాప బొడ్డు ఇంకా ఊడలేదు. లోపల చీము పడితే ఎలా?" అన్నాను.

దోన్యా ఒటీలియా తలెత్తలేదు. "వాసనగానీ ఎరుపుగానీ ఉందా?"

"లేదు."

"జ్వరం?"

"లేదు. పొడిగా ఉంచి వదిలేయమంది నర్సు."

"మరి నీ చెయ్యి ఎందుకు ఊరుకోదు, ఇంజినీరూ?"

నేను ఇంజినీరును కాను, చదివింది రసాయన శాస్త్రం. కానీ హామా నది ఒడ్డున మా ఊళ్లో కాలేజీ గడప తొక్కిన ప్రతివాడూ ఇంజినీరే, తల నెరిసిన ప్రతి ఆవిడా 'దోన్యా' అయినట్టే. ఊరి మ్యూజియం అంటే ఒకే గది. నేల తవ్వినప్పుడల్లా బయటపడే పాతకాలపు బొమ్మల మీది మట్టిని డెబ్బై మూడేళ్ల ఒటీలియా వెదురుపుల్లతో తీస్తుంది. నేను కొలిచి, పుస్తకంలో రాస్తాను.

ఆ వారం బడిలో నీళ్లతొట్టికి గొయ్యి తీస్తుంటే ఒక బొమ్మ దొరికింది. మోకాలెత్తు మనిషి, మఠం వేసుకుని కూర్చున్నాడు. ఒంటినిండా అట్టకట్టిన బంకమట్టి. రాజో, కూలివాడో తెలియదు. శనివారం రాజధాని నుంచి పెద్దమనుషులు చూడటానికి వస్తున్నారు. నేను గిన్నెలో నీళ్లు, మెత్తటి బ్రష్షు తెచ్చాను.

ఒటీలియా నా మణికట్టు పట్టుకుంది. "నేనొకసారి కడిగాను. ఆ ఒక్కసారి చాలు."

తర్వాత చెప్పింది. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రికి మొక్కజొన్న చేలో ఇలాంటిదే దొరికింది. ఆయన భోజనానికి కూర్చుని, కాల్చిన అరటికాయ మీద వేరుశనగ పొడి అద్దుకుంటున్నాడు. ఆయన్ని సంతోషపెడదామని ఈమె బొమ్మను ఏటికి తీసుకెళ్లి, సబ్బు రాసి, కండెతో తోమింది. మట్టి పోయింది. దాని వెంటే చిలకపచ్చ రంగు వేళ్ల సందుల్లోంచి నీళ్లలోకి జారిపోయింది. భుజాల మీది శాలువా, మెడలోని పట్టెడ, నుదుటి పట్టీ, దొరతనం గుర్తులన్నీ రంగుతో దిద్దినవే. కాల్చాక పూసిన రంగు నీటికి నిలవదు. నేను పుస్తకాల్లో చదివిన ఆ సంగతి ఆమె ఏట్లో నిలబడి నేర్చుకుంది.

"నాన్న కొట్టాడా?"

"కొడితే బాగుండేది. బొమ్మను చేతుల్లోకి తీసుకుని, 'పొద్దున దొర. ఇప్పుడు మనలాంటివాడు' అన్నాడు. అంతే. ఊళ్లోవాళ్లు మాత్రం నా పెళ్లిలో కూడా అడిగారు, 'ఒటీలియా, మీ ఆయనకు స్నానం నువ్వే పోస్తావా?' అని."

ఆ బొమ్మ మా అరలోనే ఉంది. పుస్తకంలో దాని వివరాల కింద నా చేత్తోనే రాశాను: హోదా తెలియదు.

బంక ఒక్కసారిగా ఎండితే రంగునూ పట్టుకుని ఊడుతుందని, ఒటీలియా కొత్త బొమ్మ మీద గట్టిగా పిండిన తడిగుడ్డ కప్పింది. రోజూ కాసేపు తీసి, నీడన ఆరనిచ్చి, మళ్లీ కప్పేది. బంక అంచు కిందికి పుల్ల పోనిచ్చేది. అంచు కదిలితే సరే, లేదంటే చెయ్యి వెనక్కి. శనివారానికి ఒక చెవి మాత్రం బయటపడింది.

"మీ ఊళ్లో నీళ్లు లేవా?" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకాయన.

"నీళ్లున్నాయి బాబూ. లేనిది తొందరే."

వాళ్లు వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మంగళవారం ఉదయం భుజం మీది పెచ్చు దానంతట అదే విడివడి రాలిపడింది. అది ఉన్నచోట చిలకపచ్చ. మెడ చుట్టూ పసుపు పట్టెడ. ఒటీలియా పుల్ల కింద పెట్టేసింది. అరలోని బోసి బొమ్మను తెచ్చి దాని పక్కన కూర్చోబెట్టింది.

"మీవాడే," అంది కొత్త బొమ్మతో. "వీడి రంగు నా చేతిలో పోయింది."

నేను పుస్తకం తెరిచి, పాత బొమ్మ దగ్గర 'హోదా తెలియదు' కొట్టేసి, 'దొర' అని రాశాను. ఆమె చదివించుకుని విన్నది.

"బొడ్డు?" అని అడిగింది.

"చివర వేలాడుతోంది. కొంచెం లాగితే..."

"రోజూ చూడు. వాసనొస్తే, ఎర్రబడితే నర్సు దగ్గరికి పరుగెత్తు. లేదంటే గోరు పెట్టకు. వదలాల్సింది తనే వదులుతుంది."

పాప ఇప్పుడు నడుస్తోంది. నాలుగు రోజుల కింద పడి మోకాలు చెక్కుకుంది, పక్కు కట్టింది. రోజూ చూస్తున్నాను. గోరు పెట్టడం లేదు.