నేను కామాలు పెట్టిన ఫైలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా అవ్వ చనిపోయిన గదిలోనే ఒక్కదాన్ని పడుకుని పరీక్షలకు చదివాను. స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేశాను. కళ్లతో చూసినా కారణం దొరక్కపోతే ఒప్పుకోని మనిషిని. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మదనపల్లెలో పిల్లల ఆరోగ్య సర్వే చేసే ఒక ఆఫీసులో చేరాను. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. మా ఆఫీసువాళ్లు కుప్పం వైపు పల్లెల్లో బడిపిల్లల గుండె పరీక్ష చేసి వివరాలు తెచ్చేవాళ్లు. నేను వాటిని స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, మామూలు టెక్స్ట్ ఫైలుగా మార్చి, ఫ్లాపీలో బెంగుళూరు ఆసుపత్రికి పంపాలి. పేరు, వయసు, అడ్రసు, పరీక్ష ఫలితం, ఒక్కోదానికీ మధ్య ఏదో ఒక గుర్తుండాలి. ఆ గుర్తును బట్టే అక్కడి కంప్యూటర్ ఏది ఏ గడిలోదో తెలుసుకుంటుంది. ఆ ఫైలు చూసే ఆపరేషన్ అవసరమైన పిల్లల్ని పిలిచేవాళ్లు.

నేను చేరింది హేమలత స్థానంలో. కుప్పం అమ్మాయి. కామెర్లు ముదిరి చనిపోయింది. నేనామెను చూడనైనా లేదు. కానీ ఆఫీసులో రోజంతా ఆమే. టీ తాగేటప్పుడు హేమ. నా పనిలో తప్పు దొరికితే హేమ. "హేమ ఉంటే ఈపాటికి అయిపోయేది" అని ఆఫీసు నడిపే డాక్టర్ సారు నా ఎదురుగానే అనేవారు.

బతికున్న మనిషితో అయితే పోటీ పడొచ్చు. పోయినామె ఇక తప్పే చేయదు కదా. నాకు కడుపు మండిపోయేది.

మొదటి ఫైలు పంపాల్సిన రోజు మధ్యాహ్నం, పక్క కంప్యూటర్ దగ్గర కూర్చునే సలీం మెల్లగా అన్నాడు. "హేమక్క మధ్యలో నిలువు గీత పెడతా ఉండె అక్కా."

"ఆయమ్మ పద్ధతి ఆయమ్మది. సాఫ్ట్‌వేర్ పుస్తకంలో కామా అనే ఉండాది," అన్నాను.

కామా ఎంచుకుని సేవ్ చేశాను. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే అన్నీ నిలువు గీతలు.

పొరపాటున వేరేది నొక్కానేమో అని మళ్లీ చేశాను. మళ్లీ గీతలే. సలీం ఆటపట్టిస్తున్నాడనుకుని, "నా వెనక నిలబడి సూడు" అని పిలిచాను. వాడు చూస్తుండగానే కామా పెట్టాను. తెరిస్తే గీతలు.

సలీం రెండడుగులు వెనక్కి జరిగాడు. "ఈ కంప్యూటర్ని హేమక్క ముట్టుకోనేలేదు గదక్కా," అన్నాడు. నిజమే. అది ఆమె పోయాక వచ్చిన కొత్త కంప్యూటర్. అట్టపెట్టె విప్పింది నేనే. సెట్టింగుల్లో వెతికాను. అక్కడా కామానే ఉంది.

నాకు భయం కాదు, రోషం వచ్చింది. నా కుర్చీలో, నా పనిలో కూడా ఆమేనా? డేటా మొత్తం సలీం కంప్యూటర్లోకి మార్చి అక్కడ చేశాను. కామాలే వచ్చాయి. ఫ్లాపీలోకి ఎక్కించి, ఫ్లాపీలోనూ ఒకసారి తెరిచి చూసుకున్నాను. కామాలే. కవరులో పెట్టి అతికించి, బెంగుళూరు వెళ్తున్న డ్రైవర్ రెడ్డెప్ప చేతికిచ్చాను.

ఫైలు అందిందని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మాట్లాడి పెట్టేసిన సారు ముఖం వెలిగిపోతోంది. "ఫైలు బ్రహ్మాండంగా ఉందంట. ఒక్క గడి కూడా పక్కకు పోలేదంట. గీతలు చూసి, హేమలత లాంటి అమ్మాయే మళ్లీ దొరికిందా అని అడిగినారు."

నేనూ సలీమూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వాడి కంప్యూటర్లో మిగిలిన ఫైలు తెరిచాం. అందులో కామాలే ఉన్నాయి. అప్పుడు గమనించాను. కొన్ని అడ్రసుల్లోనూ కామాలున్నాయి. ఆ వరుసల్లో గడులు జరిగి, పరీక్ష ఫలితం ఉండాల్సిన చోట ఊరి పేరొచ్చి కూర్చుంది. శాంతిపురం దగ్గరి ఒక పాపది అలాంటి వరుసే. ఈ ఫైలే వెళ్లుంటే ఆ పాపకు పిలుపొచ్చేది కాదు.

పాపకు ఆపరేషన్ అయింది. కొన్ని నెలలకు వాళ్ల నాయన, గ్రానైట్ క్వారీలో పనిచేసే మునెప్ప, పాపను తీసుకుని ఆఫీసుకొచ్చాడు. పాప మెట్లన్నీ పరుగున ఎక్కింది.

"మా బిడ్డ పేరు బెంగుళూరికి పంపించిందెవురు సారూ? దండం పెట్టించాలని వచ్చినా."

సారు నన్ను చూపించారు. ఆ ఆఫీసులో నన్ను చూపించి ఒక మంచి మాట చెప్పడం అదే మొదటిసారి. ఎంతో ఎదురుచూసిన మాట. కానీ పాప నా కాళ్ల దగ్గర వంగుతుంటే తట్టుకోలేకపోయాను. "నేను కాదమ్మా, హేమలత" అనేశాను.

"ఆయమ్మ యాడుండాది?" అన్నాడు మునెప్ప.

సలీం తల దించుకున్నాడు. నేను పాపను లేపి నిలబెట్టాను.

ఆ తర్వాత నా కంప్యూటర్లో కామా పెడితే కామానే వచ్చింది. సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లను అడిగితే వైరస్ అన్నారు, నువ్వే మరిచిపోయుంటావన్నారు. అతికించిన కవరులో ఉన్న ఫ్లాపీ ఎలా మారిందంటే మాత్రం మాట మార్చేశారు. నాకూ తెలియదు. దయ్యమని ఇప్పటికీ అనను.

ఇప్పుడు నా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు నిలువు గీతే పెట్టమంటాను. యాల మేడమ్, గీతే ఎందుకు అంటే అడ్రసుల్లో కామాలుంటాయి అంటాను. ఆమె పేరు చెప్పను. చెబితే వీళ్లు కూడా ఆమెనే మెచ్చుకుంటారు.